రాత్రి ఆపేసే సిస్టమ్స్, ఆగని సర్వర్లు: లినక్స్ నెట్‌వర్క్‌కి టూల్ ఎంచుకునే ముందు

విశాఖపట్నంలో మధురవాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కి 60 కొత్త సిస్టమ్స్ వచ్చాయి. ఒకదాంట్లో ఉబుంటు సర్వర్ ఎడిషన్ వేసి, దాని మీద తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టి, కంపైలర్లు, డేటాబేస్, పిల్లల లాగిన్లు అన్నీ సరిచూసుకున్నాం. తర్వాత క్లోన్‌జిల్లాతో ఆ డిస్కు ఇమేజ్ తీసి మిగతా 59 సిస్టమ్స్‌లోకి దించేశాం. ఒక్కొక్కటీ ఆన్ చేసి, లాగిన్ స్క్రీన్ వచ్చిందని చూసుకుని ఆపేశాం. సాయంత్రానికల్లా పని అయిపోయింది. మర్నాడు ఉదయం 9 గంటలకి పిల్లలు వచ్చి అన్నీ ఒకేసారి ఆన్ చేశారు. నెట్‌వర్క్ లేదు. ఒకదానికి వస్తే పక్కదానికి పోతోంది.

స్విచ్ మార్చాం. కేబుళ్లు మార్చాం. రెండు రోజులు అలా గడిచాక, నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ లాగ్ చదివితే అసలు సంగతి తెలిసింది. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ పని చూసే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే ప్రోగ్రామ్) భాగం, ఐపీ అడ్రస్ అడిగేటప్పుడు తన గుర్తింపుగా నెట్‌వర్క్ కార్డు నంబరు చెప్పదు. ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే మెషీన్-ఐడీ అనే చిన్న ఫైలు నుంచి తయారుచేసుకున్న గుర్తింపు చెబుతుంది. క్లోన్ చేసినప్పుడు ఆ ఫైలు కూడా అన్నిటికీ కాపీ అయిపోయింది. డీహెచ్‌సీపీ సర్వర్ దృష్టిలో అవి 60 సిస్టమ్స్ కావు, ఒక్కటే. అందుకే అన్నిటికీ ఒకే అడ్రస్ ఇచ్చింది. ముందురోజు ఒక్కొక్కటిగా ఆన్ చేసి చూశాం కాబట్టి మాకు తప్పు కనపడలేదు. తర్వాత చూస్తే, దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ని గుర్తుపట్టే ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా అన్నిటికీ ఒకటే. అంటే ఒక సిస్టమ్ తాళం చెవి దొరికినవాడు మిగతా 59 సిస్టమ్స్‌లో దేని పేరైనా చెప్పుకుని నమ్మించగలడు.

ఆ రెండు రోజుల తర్వాత నేను ఈ విషయాన్ని పట్టించుకుని చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు వారానికి ఒకరైనా జూనియర్ ఫోన్ చేసి అడుగుతుంటారు: "అన్నా, యాన్సిబుల్ పెట్టాలా, పప్పెట్ పెట్టాలా?" (చాలా సిస్టమ్స్‌ని ఒకే తీరులో ఉంచే టూల్స్ ఇవి.) నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే. మీ సిస్టమ్స్ రాత్రిపూట ఆన్‌లో ఉంటాయా, ఆపేస్తారా? చాలామంది ఒక్క క్షణం ఆగిపోతారు. టూల్‌కీ దానికీ సంబంధం ఏమిటని. సంబంధం ఉంది, చాలా ఉంది. దాని దగ్గరికి రావాలంటే ముందు ఒక చిక్కుముడి విప్పాలి.

మూడు పనులని ఒకటిగా చూడడం వల్లే ఈ గందరగోళం అంతా. ఖాళీ డిస్కు మీద ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం ఒక పని. వేసినదాన్ని మనకి కావలసిన తీరుకి తెచ్చుకోవడం రెండో పని. నాలుగైదేళ్లపాటు, పదిమంది చేతులు పడుతున్నా, అది ఆ తీరులోనే ఉండేలా చూసుకోవడం మూడోది. ఇన్‌స్టాలర్ ప్రశ్నలకి ముందే జవాబులు రాసిపెట్టే కిక్‌స్టార్ట్, నెట్‌వర్క్ నుంచి ఇన్‌స్టాల్ చేయించే కాబ్లర్ మొదటి పనికి. యాన్సిబుల్, పప్పెట్ రెండో మూడో పనులకి. "కాబ్లర్ మంచిదా, యాన్సిబుల్ మంచిదా" అని ఎవరైనా అడిగితే, వలా పడవా రెండింట్లో ఏది మంచిదని ఫిషింగ్ హార్బర్‌లో అడిగినట్టు ఉంటుంది. (కాబ్లర్‌నీ యాన్సిబుల్‌నీ మొదలుపెట్టింది ఒకే మనిషి, మైకేల్ డిహాన్. అవి రెండూ ఒకదానికొకటి పోటీ కావనడానికి ఇంతకంటే ఏం కావాలి.)

క్లోనింగ్ మొదటి రెండు పనుల్నీ కలిపి ఒక ఫొటో తీసేస్తుంది. ఫొటో ఎంత బాగున్నా అది తీసిన రోజుదే. వచ్చే నెల కంపైలర్ వెర్షన్ మార్చాలంటే మళ్లీ ఫొటో తీసి, మళ్లీ అన్నిటికీ దించాలి. అయినా క్లోనింగ్‌ని తీసిపారేయను. అన్నీ ఒకే మోడల్ సిస్టమ్స్ అయి, పక్కన విండోస్ కూడా ఉండి, ప్రాక్టికల్ పరీక్షలకి ముందు అన్నిటినీ మొదటి స్థితికి తేవాల్సిన చోట ఫాగ్, క్లోన్‌జిల్లా లాంటివే వేగం. కాకపోతే ఇమేజ్ తీసేముందు మెషీన్-ఐడీ ఫైలుని ఖాళీ చేయాలి. ఫైలు తీసేయకుండా లోపల ఉన్నది మాత్రం తుడిచేస్తే, తర్వాతి బూట్‌లో ప్రతి సిస్టమ్ తనకంటూ కొత్తది తయారుచేసుకుంటుంది. ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా తీసేయాలి. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో అవి వాటంతట అవే మళ్లీ తయారవుతాయి. డెబియన్, ఉబుంటుల్లో అలా కావు. మొదటి బూట్‌లో తయారుచేసే ఏర్పాటు మనమే పెట్టుకోవాలి. ఈ తేడా తెలియక ఎస్ఎస్‌హెచ్ సర్వీసే స్టార్ట్ కాని ల్యాబుల్ని చూశాను.

ఖాళీ డిస్కు నుంచి లాగిన్ స్క్రీన్ దాకా

నెట్‌వర్క్ నుంచి ఇన్‌స్టాల్ చేయడం అనగానే చాలామందికి భయం. నిజానికి అక్కడ జరిగేది చిన్న సంభాషణ. సిస్టమ్ ఆన్ అవగానే నెట్‌వర్క్ కార్డు "నాకో అడ్రస్ ఇవ్వండి, బూట్ అవడానికి ఏ ఫైలు తెచ్చుకోవాలో కూడా చెప్పండి" అని అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్ ఇచ్చి, ఫలానా సర్వర్‌లో ఫలానా ఫైలు ఉందని చెబుతుంది. కార్డు టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతి ద్వారా ఆ ఫైలు తెచ్చుకుంటుంది. ఆ ఫైలు కెర్నల్‌ని (లినక్స్ గుండెకాయ), ఇన్‌స్టాలర్‌ని తెస్తుంది. ఇన్‌స్టాలర్ ఒక జవాబుల ఫైలు తెచ్చుకుని, మామూలుగా మనల్ని అడిగే భాష, టైమ్ జోన్, డిస్కు విభజన, యూజర్ పేరు లాంటి ప్రశ్నలన్నిటికీ అందులోంచి జవాబులు చదువుకుంటుంది. ఈ పద్ధతినే పిక్సీ బూట్ అంటాం. ఇంటెల్ దీన్ని 1990ల చివర్లో ప్రమాణంగా తెచ్చింది. ఇవాళ్టికీ దాదాపు ప్రతి మదర్‌బోర్డులోనూ ఉంది.

జవాబుల ఫైలుకి ఒక్కో కుటుంబంలో ఒక్కో పేరు. రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా, ఫెడోరాల్లో కిక్‌స్టార్ట్. డెబియన్‌లో ప్రీసీడ్. సూసేలో 15వ వెర్షన్ల దాకా ఆటోయాస్ట్. ఉబుంటు సర్వర్‌కి 20.04 వెర్షన్‌తో ఆటోఇన్‌స్టాల్ వచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికే పాత ప్రీసీడ్ ఫైళ్లు ఈ కొత్త ఇన్‌స్టాలర్‌లో పనిచేయవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదట పోగొట్టుకునే రోజు సాధారణంగా ఇక్కడే. అసలు ఈ ఫైలుని ఖాళీ కాగితం మీద మొదలుపెట్టాల్సిన పని కూడా లేదు. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఒక సిస్టమ్‌ని చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే, మీరిచ్చిన జవాబులన్నీ రూట్ యూజర్ ఫోల్డర్‌లో అనకొండ పేరుతో ఒక కిక్‌స్టార్ట్ ఫైలుగా మిగులుతాయి. ఉబుంటు కూడా వార్ లాగ్ ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లో ఇలాంటిదే వదిలి వెళ్తుంది. దాన్ని తెచ్చుకుని మార్చుకుంటే సరిపోతుంది.

ఈ దశకి పెద్ద పెద్ద సాధనాలు చాలా ఉన్నాయి. కాబ్లర్, ఫోర్‌మ్యాన్, కెనానికల్ వాళ్ల మాస్. వీటికంటే ముందే 1999లో జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయంలో థామస్ లాంగె మొదలుపెట్టిన ఫాయ్ ఉంది. డెబియన్ మీద పనిచేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ ఇష్టంగా వాడతారు. అయితే వందలోపు సిస్టమ్స్ ఉన్నచోట వీటిలో ఏదీ అక్కర్లేదని నా అభిప్రాయం. పిండి కొద్దీ రొట్టె. డీఎన్ఎస్‌మాస్క్ అనే ఒక్క చిన్న ప్రోగ్రామ్ డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండు పనులూ చేస్తుంది. పక్కన ఒక వెబ్ సర్వర్, ఒక జవాబుల ఫైలు. అంతే.

కాలేజీల్లో ఇంకో చిక్కు ఉంటుంది. డీహెచ్‌సీపీ సర్వర్ మన చేతిలో ఉండదు. క్యాంపస్ నెట్‌వర్క్ చూసేవాళ్లు వేరు. మనం ఇంకో డీహెచ్‌సీపీ సర్వర్ పెడితే మొత్తం బ్లాకుకి నెట్ పోయి, మన మీదకి ఫిర్యాదు వస్తుంది. డీఎన్ఎస్‌మాస్క్‌లో ప్రాక్సీ డీహెచ్‌సీపీ అనే పద్ధతి ఉన్నది దీనికోసమే. అడ్రసులు వాళ్ల సర్వరే ఇస్తుంది, "బూట్ ఫైలు ఇక్కడుంది" అన్న ఒక్క మాట మాత్రం మనది.

కొన్ని దెబ్బలు తిన్నాకే తెలుస్తాయి. పాత సిస్టమ్స్ బయోస్‌తో, కొత్తవి యూఈఎఫ్ఐతో బూట్ అవుతాయి. రెండింటికీ ఒకే బూట్ ఫైలు పనికిరాదు. అడ్రస్ అడిగేటప్పుడే సిస్టమ్ తాను ఏ రకమో 93వ నంబరు ఆప్షన్‌లో చెబుతుంది. దాన్ని చూసి తగిన ఫైలు ఇవ్వమని సర్వర్‌కి నేర్పాలి. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న కబురు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. అందుకే నెమ్మది. హెచ్‌టీటీపీ కూడా తెలిసిన ఐపిక్సీ అనే చిన్న బూట్ ప్రోగ్రామ్‌ని ముందు తెచ్చుకుని, బరువైన ఫైళ్లని హెచ్‌టీటీపీ మీదుగా తెస్తే తేడా కళ్లకి కనపడుతుంది. ఉబుంటు ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ నుంచి వచ్చినప్పుడు మొత్తం ఐఎస్ఓని (ఇన్‌స్టాల్ డిస్కు అంతా ఉన్న ఫైలుని) ర్యామ్‌లోకి దించుకుంటుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ అక్కడే చేతులెత్తేస్తుంది. అలాంటివాటికి డెబియన్ తేలిక. ఇక బూట్ వరుసలో నెట్‌వర్క్‌ని మొదట పెట్టి మర్చిపోతే ఇన్‌స్టాల్ పూర్తయి రీస్టార్ట్ అయిన సిస్టమ్ మళ్లీ నెట్‌వర్క్‌కి వచ్చి, మళ్లీ డిస్కు చెరిపి, మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది. దీన్ని ఆపడానికే కాబ్లర్‌లో "ఒక్కసారి మాత్రమే" అన్న సెట్టింగ్ ఉంది. చిన్న ఏర్పాట్లలో డిస్కునే మొదట ఉంచి, కావలసినప్పుడు ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ బూట్ ఎంచుకోవడం క్షేమం.

60 సిస్టమ్స్ ఒక్కొక్కటీ అవే ప్యాకేజీలని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటే కాలేజీ బ్రాడ్‌బ్యాండ్ సాయంత్రం దాకా లేవదు. ఏపీటీ-క్యాచర్-ఎన్‌జీ అనే ప్రోగ్రామ్ ఒక సిస్టమ్‌లో పెడితే మొదటిది తెచ్చుకున్నది మిగతావాటికి లోపలినుంచే అందుతుంది. జవాబుల ఫైలు వెబ్ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి ఆ నెట్‌వర్క్‌లో ఎవరైనా చదవగలరు. పాస్‌వర్డ్‌ని అందులో మామూలు అక్షరాల్లో రాయకండి. హ్యాష్ (దాన్నుంచి అసలు పాస్‌వర్డ్‌ని నేరుగా చదవలేని రూపం) రాయండి. వీలైతే పాస్‌వర్డే లేకుండా ఎస్ఎస్‌హెచ్ కీ మాత్రం పెట్టండి.

ఈ దశ గురించి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. జవాబుల ఫైలు ఎంత పలచగా ఉంటే అంత మంచిది. డిస్కు విభజన, నెట్‌వర్క్, ఒక అడ్మిన్ యూజర్, అతని కీ. అంతవరకే. కంపైలర్లు, ప్రింటర్లు, ఫైర్‌వాల్ అన్నీ అందులోనే ఇరికిద్దామన్న ఆశ పుడుతుంది. నేనూ ఇరికించాను. కానీ ఆ ఫైలు పుట్టుకప్పుడు ఒక్కసారే పనిచేస్తుంది. ఆరు నెలల తర్వాత అందులో ఒక లైను మారిస్తే కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాటికి అందుతుంది గానీ, నడుస్తున్న 60 సిస్టమ్స్‌కి అందదు. వాటికి అందించాలంటే రెండో పని చేసే టూల్ కావాలి.

జగదాంబ దగ్గర దించండి

ఆటో ఎక్కి "ముందు ఎడమకి తిప్పండి, రెండో సందులో కుడికి" అని చెప్పుకుంటూ పోవచ్చు. "జగదాంబ జంక్షన్‌లో దించండి" అని ఒక్క మాట చెప్పనూ వచ్చు. మొదటి పద్ధతి మీరు అనుకున్న చోటునుంచే బయల్దేరితేనే పనిచేస్తుంది. రెండోది సిరిపురంలో ఎక్కినా, గాజువాకలో ఎక్కినా పనిచేస్తుంది. ఇప్పటికే జగదాంబలో ఉంటే ఆటో కదలాల్సిన పనే లేదు.

ఆదేశాల్ని వరుసగా రాసిపెట్టే షెల్ స్క్రిప్ట్ మొదటి రకం. ఒక ఫైలు చివర ఒక లైను చేర్చమని రాసి, మూడుసార్లు నడిపితే మూడు లైన్లు చేరతాయి. కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ టూల్ రెండో రకం. "ఈ లైను ఈ ఫైలులో ఉండాలి" అంటాం. ఉంటే ముట్టుకోదు, లేకపోతే చేరుస్తుంది. పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే. 1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ రాసిన సీఎఫ్‌ఇంజన్‌తో ఈ ఆలోచన ఒక సాధనంగా రూపుకట్టింది. 2005లో లూక్ కానీస్ పప్పెట్ తెచ్చాడు. 2009లో షెఫ్, 2011లో సాల్ట్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. భాషలు వేరు, వీటన్నిటి పునాది ఒకటే. ఏ స్థితి కావాలో చెప్పు, దారి టూల్ చూసుకుంటుంది.

ఇక్కడ యాన్సిబుల్ మొదలుపెట్టే మనవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. పాత షెల్ స్క్రిప్టులోని ఒక్కో లైనునీ తెచ్చి యాన్సిబుల్‌లోని షెల్ మాడ్యూల్‌లో పెట్టేస్తారు (మాడ్యూల్ అంటే ఒక్కో రకం పని చేసే భాగం). నడుస్తుంది, పచ్చరంగు, పసుపురంగు అన్నీ వస్తాయి. కానీ అది మళ్లీ "ఎడమకి తిప్పండి" భాషే. షెల్ మాడ్యూల్‌కి ముందున్న స్థితి తెలియదు, ప్రతిసారీ నడిపేస్తుంది. ఏమేం మారతాయో ముందుగా చూపించే చెక్ మోడ్‌లో అయితే ఆ టాస్కుల్ని దాటేసి పోతుంది కాబట్టి, చెక్ మోడ్ చూపించేది పూర్తి నిజం కాదు. ప్యాకేజీకి ప్యాకేజీ మాడ్యూల్, యూజర్‌కి యూజర్ మాడ్యూల్, సర్వీసుకి సర్వీసు మాడ్యూల్ ఉన్నాయి. వాటిని వెతుక్కోవడానికి పట్టే పది నిమిషాలు దండగ కావు.

ఇంటి ముందు పాలవాడు

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను. యాన్సిబుల్ మామూలుగా పనిచేసే తీరు పాలవాడి తీరు. ఒకచోట బయల్దేరి, ఎస్ఎస్‌హెచ్ మీద ఇంటింటికీ వెళ్లి పోసి వస్తుంది. అవతలి సిస్టమ్‌లో ప్రత్యేకంగా ఏదీ పెట్టక్కర్లేదు, ఎస్ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. పప్పెట్ తీరు వేరు. ప్రతి సిస్టమ్‌లోనూ ఒక ఏజెంట్ ఉంటుంది. మామూలుగా అరగంటకోసారి అది తానే లేచి, రైతు బజారుకి వెళ్లినట్టు సర్వర్ దగ్గరికి వెళ్లి, తనకేం కావాలో తెచ్చుకుంటుంది.

ఇంటికి తాళం వేసి ఉంటే పాలవాడు ఏం చేస్తాడు? వెళ్లిపోతాడు.

మా ల్యాబ్‌లో సాయంత్రం 5 గంటలకి ల్యాబ్ అసిస్టెంట్ మెయిన్ స్విచ్ ఆపేస్తారు. అది మంచి అలవాటు, కరెంటు బిల్లు, భద్రత రెండూ ఉన్నాయి. నెట్‌వర్క్ మీదుగా సిస్టమ్‌ని లేపే వేక్ ఆన్ ల్యాన్ ఉంది కదా అంటారు. మెయినే లేనప్పుడు నెట్‌వర్క్ కార్డుకి కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? పగలు నడిపితే క్లాసు లేని బ్యాచ్ సిస్టమ్స్ ఆగి ఉంటాయి. నేను మొదట యాన్సిబుల్‌నే పెట్టాను. నడిపిన ప్రతిసారీ చివర్లో 40 సిస్టమ్స్ సరే అని, 20 అందుబాటులో లేవని వచ్చేది. మర్నాడు నడిపితే వేరే 15 అందేవి కావు. కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ తిరిగాను. రెండు నెలలు తిరిగేసరికి ల్యాబ్‌లో నాలుగు రకాల సిస్టమ్స్ తయారయ్యాయి. టూల్‌లో తప్పేమీ లేదు. నిద్రపోయే సిస్టమ్స్‌కి బయటినుంచి తలుపు కొట్టే పద్ధతి పెట్టడమే తప్పు.

అలాంటిచోట సిస్టమే లేచినప్పుడు అడగాలి. పప్పెట్ ఏజెంట్ బూట్ అవగానే పని మొదలుపెడుతుంది. నెల రోజులు ఆగి ఉన్న సిస్టమ్ కూడా ఆన్ అయిన కాసేపటికే మిగతావాటితో సమానమవుతుంది. యాన్సిబుల్ రాయడం వచ్చిన వాళ్లకి దాన్ని వదిలేయాల్సిన పని లేదు. యాన్సిబుల్-పుల్ అని దానితోపాటే వస్తుంది. ప్రతి సిస్టమ్ గిట్ (ఫైళ్లనీ వాటి మార్పుల చరిత్రనీ దాచే చోటు) నుంచి ప్లేబుక్ (యాన్సిబుల్ పనుల జాబితా ఉన్న ఫైలు) తెచ్చుకుని తన మీద తానే నడుపుకుంటుంది. దీన్ని, చెప్పిన సమయానికి పనులు నడిపే మామూలు క్రాన్‌లో పెడితే, రాత్రి 2 గంటలకి సిస్టమ్ ఆగి ఉంది కాబట్టి ఎప్పటికీ నడవదు. సిస్టమ్‌డీ టైమర్‌లో పెట్టి, పర్సిస్టెంట్ అన్న ఆప్షన్ ఇస్తే, తప్పిపోయిన సమయాన్ని గుర్తుపెట్టుకుని బూట్ అవగానే నడుపుతుంది. ఆ ఒక్క లైను మా ల్యాబ్‌లో కాగితం మీది టిక్కులని మాన్పించింది.

ఈ పద్ధతికీ దాని బాధలు దానికున్నాయి. ఉదయం 9 గంటలకి 60 సిస్టమ్స్ ఒకేసారి లేచి ఒకే సర్వర్ మీద పడతాయి. పప్పెట్‌లో స్ప్లే అనే సెట్టింగ్ ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టిస్తుంది. యాన్సిబుల్-పుల్‌లో కూడా మొదలుపెట్టే ముందు కాసేపు ఆగమనే ఆప్షన్ ఉంది. ఇంకోటి మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ. మెయిన్ ఆపేస్తే గడియారాన్ని నడిపేది అదొక్కటే. రోజూ మెయిన్ ఆపే ల్యాబుల్లో అది తొందరగా అయిపోతుంది. బ్యాటరీ పోయిన సిస్టమ్ లేచేసరికి దాని తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. పప్పెట్ సర్వర్, ఏజెంట్ ఒకరినొకరు సర్టిఫికెట్లతో గుర్తుపడతారు కాబట్టి, ఆ సిస్టమ్ లెక్క ప్రకారం సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదు. మాట్లాడనంటుంది. తప్పు సందేశంలో సర్టిఫికెట్ గురించే ఉంటుంది గానీ, బ్యాటరీ పేరు ఎక్కడా ఉండదు. గిట్‌ని హెచ్‌టీటీపీఎస్ మీదుగా తెచ్చుకున్నా ఇదే బాధ. మొదట గడియారం సరిచేసుకోవడం, తర్వాతే మిగతావి, అన్న వరుస పెట్టుకోవాలి.

రుషికొండ మీద ఒక చిన్న ఆఫీసులో 11 సర్వర్లు నేనే చూస్తాను. అవి పగలూ రాత్రీ ఆగవు. అక్కడ కథ తలకిందులు. అరగంటకోసారి తనంతట తాను మారే సర్వర్ నాకు అక్కర్లేదు. మార్పు నేను కూర్చుని చూస్తుండగా జరగాలి. ముందు ఒక సర్వర్ మీద, అది బాగుంటే తర్వాతిది. యాన్సిబుల్ అక్కడ అతికినట్టు సరిపోయింది. చెక్, డిఫ్ రెండూ ఇచ్చి నడిపితే ఏ ఫైలులో ఏ లైను మారబోతోందో ముందే కనపడుతుంది. సీరియల్ అన్న మాటతో ఒకేసారి ఎన్నింటి మీద పని జరగాలో చెప్పవచ్చు. మామూలుగా ఫోర్క్స్ అన్న సెట్టింగ్ వల్ల యాన్సిబుల్ ఒకేసారి 5 సిస్టమ్స్ మీదే పనిచేస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 60 సిస్టమ్స్ ల్యాబ్‌లో యాన్సిబుల్ నత్తనడక అన్నవాళ్లలో చాలామంది ఆ ఫోర్క్స్ అంకెని ముట్టుకోనివాళ్లే.

సాల్ట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సిస్టమ్స్‌లో ఉండే మినియన్లు (ఏజెంట్లు) మాస్టర్‌తో (కేంద్ర సర్వర్‌తో) 4505, 4506 పోర్టుల మీద ఎప్పుడూ కలిసే ఉంటాయి. కాబట్టి వందల సిస్టమ్స్‌కి ఆదేశం క్షణాల్లో అందుతుంది. వేలల్లో సర్వర్లు ఉన్నవాళ్లకి అది వరం. అయితే 2020 ఏప్రిల్ చివర్లో మాస్టర్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే మాస్టర్ చేత ఆదేశాలు ఇప్పించే వీలు దాంట్లో ఉంది. ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన మాస్టర్లు రోజుల్లోనే దాడికి గురయ్యాయి. ఏ టూల్ తీసుకున్నా ఈ ప్రమాదం ఉన్నదే. యాన్సిబుల్ నడిపే ల్యాప్‌టాప్‌లోనూ అన్ని సర్వర్ల తాళాలూ ఉంటాయి. ఆ గుత్తి ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది అన్నది టూల్ పేరు కంటే ముందు తేల్చుకోవాలి.

షెఫ్ గురించి తక్కువే చెబుతాను. రూబీ ప్రోగ్రామింగ్ భాష బాగా వచ్చిన టీమ్ ఉంటే బాగుంటుంది. ఇక్కడి చిన్న ఆఫీసులకి, కాలేజీలకి దాన్ని సూచించను.

ఎవరి చేతిలో ఉంది, ఎవరు చదవగలరు

టూల్ ఎంచుకుంటే అయిదారేళ్లు దానితో కాపురం చేయాలి. కాబట్టి దాని యజమాని ఎవరో తెలుసుకోవడం అవసరం. యాన్సిబుల్‌ని 2015లో రెడ్ హ్యాట్ కొంది, ఆ రెడ్ హ్యాట్‌ని 2019లో ఐబీఎం కొంది. షెఫ్‌ని 2020లో ప్రోగ్రెస్, సాల్ట్‌ని అదే ఏడాది వీఎంవేర్ తీసుకున్నాయి. 2023లో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. పప్పెట్‌ని 2022లో పెర్‌ఫోర్స్ కొంది. ఆ తర్వాత పప్పెట్ ప్యాకేజీల తయారీ పద్ధతి మారడంతో, ఏళ్ల తరబడి దాన్ని పెంచిన వాక్స్ పుపులి సమూహం 2025 మొదట్లో ఓపెన్‌వాక్స్ పేరుతో వేరుపడింది. ఇవాళ కొత్తగా ఆ దారిలో వెళ్లేవాళ్లు ఓపెన్‌వాక్స్‌నే చూడడం మంచిదని నాకనిపిస్తుంది. పాత పప్పెట్ కోడ్ అందులో అలాగే నడుస్తుంది.

కానీ విశాఖలో నన్ను ఎక్కువగా భయపెట్టేది కంపెనీలు చేతులు మారడం కాదు, మనుషులు ఊరు మారడం. ల్యాబ్‌నో ఆఫీసునో చక్కగా సర్దిపెట్టిన కుర్రాడికి రెండేళ్లలో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తుంది. రావాలి కూడా. అతను వెళ్లాక మిగిలేదేమిటి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరిని దాటినప్పుడు నేను సిరిపురం దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. కిటికీలు పగిలి సర్వర్ గదిలోకి నీళ్లొచ్చాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. కరెంటు వచ్చాక చూస్తే ప్రధాన సర్వర్ లేవలేదు. డేటా బ్యాకప్ డిస్కు వేరేచోట భద్రంగా ఉంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కొత్త సర్వర్ కొని లినక్స్ వేశాక తెలిసింది, మా దగ్గర డేటా మాత్రమే ఉందని. ఏ ప్యాకేజీలు ఉండేవి, మెయిల్ సర్వర్‌లో ఏ నియమాలు ఎందుకు పెట్టారు, ఫైర్‌వాల్‌లో ఏ పోర్టు ఎవరికోసం తెరిచారు, రాత్రి నడిచే క్రాన్ పనులు ఏవేవి, ఇవేవీ ఎక్కడా రాసిలేవు. వాటిని పెట్టిన వ్యక్తి అప్పటికే ఊళ్లో లేరు. రెండు వారాలు పట్టింది. కొన్ని ఎప్పటికీ దొరకలేదు, ఎవరో వచ్చి "ఇదివరకు ఇది పనిచేసేది కదా" అన్నప్పుడే అలాంటిదొకటి ఉండేదని తెలిసేది.

అప్పటినుంచి నాకు ఈ టూల్స్ వేగం కోసం కాదు. సర్వర్ ఎలా ఉండాలన్నది ఒకరి బుర్రలోంచి తీసి, గిట్‌లో రాసిపెట్టే చోటు కోసం. అందుకే రెండు టూల్స్ సమానంగా తూగినప్పుడు నేను అడిగే రెండో ప్రశ్న, "నీ తర్వాత వచ్చే మనిషి దీన్ని చదవగలరా?" ఆ లెక్కలో, యామల్ అనే సులువుగా చదవగలిగే రూపంలో రాసే యాన్సిబుల్‌కి మొగ్గు ఉంటుంది. పప్పెట్ భాష కొంచెం నేర్చుకోవాలి, కానీ నేర్చుకున్నాక క్రమశిక్షణ ఎక్కువ. యామల్ ఫైళ్లలో వ్యాఖ్యలు తెలుగులో రాయవచ్చన్న సంగతి చాలామంది ప్రయత్నించరు. ఫైలు యూటీఎఫ్-8లో ఉంటే చాలు. మా ప్లేబుక్‌లలో ప్రతి టాస్కు పైనా అది ఎందుకుందో తెలుగులో రెండు ముక్కలు రాసి ఉంటాయి. "ఈ పోర్టు మూసేయకండి, పరీక్షల విభాగం మార్కులు ఇక్కడినుంచే ఎక్కిస్తారు" అన్నట్టు. ల్యాబ్ అసిస్టెంట్‌గారు లినక్స్ నేర్చుకున్నది సగం ఆ వ్యాఖ్యలు చదివే. పాస్‌వర్డులు మాత్రం గిట్‌లో తెరిచి పెట్టకండి, రహస్యాలకి తాళం వేసి ఉంచే యాన్సిబుల్ వాల్ట్‌లో పెట్టి, దాని పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి.

టూల్ పెట్టాక అది నిజంగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మేము నెలకోసారి ఒక సిస్టమ్‌ని ఎంచుకుని డిస్కు పూర్తిగా చెరిపేస్తాం. ఉప్పుగాలికి కాంటాక్టులు తుప్పుపట్టి ఎలాగూ ఏదో ఒక డిస్కు మార్చాల్సి వస్తూనే ఉంటుంది కాబట్టి కొన్ని నెలల్లో వెతుక్కోవాల్సిన పని కూడా ఉండదు. అసిస్టెంట్‌గారు ఎఫ్12 నొక్కి టీకి వెళ్తారు. పిక్సీ బూట్, జవాబుల ఫైలు, మొదటి లాగిన్‌కి ముందే యాన్సిబుల్-పుల్. తిరిగొచ్చేసరికి పిల్లల లాగిన్ స్క్రీన్ ఉండాలి. పోయిన నెల కీబోర్డు ముట్టుకోకుండా 31 నిమిషాల్లో వచ్చింది. ప్రింటర్ ఒక్కటే రాలేదు. దాన్ని ఎవరో ఎప్పుడో చేత్తో పెట్టారు, టాస్కు రాయలేదు. ఈ శనివారం క్లాసులు లేవు, అది రాయాలి.